ప్లస్ టూ తర్వాత ఏడాది ఆగే సరిహద్దు పిల్లల కోసం

సంపాదకులకు నమస్కారం.

ప్లస్ టూ ఫలితాలు రాగానే ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న గుణుపురం, పర్లాకిమిడి, రాయగడల్లోని తెలుగు ఇళ్లలో ఏటా ఒకటే చర్చ. ఇప్పుడే డిగ్రీలో చేర్చేద్దామా, లేక ఒక ఏడాది ఆపి లాంగ్ టర్మ్ కోచింగ్‌కి విశాఖ పంపుదామా? పత్రికల్లో వచ్చే సలహాలు ఆంధ్రలో ఇంటర్ చదివినవాళ్లకు సరిపోతాయి. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడిశా బోర్డులో చదివిన పిల్లల లెక్కలు వేరు. ఏడాది ఆగడం తప్పు కాదు. కానీ ఇక్కడి పిల్లలు నష్టపోతున్నది చదువులో కన్నా రెండు రాష్ట్రాల నిబంధనల మధ్యనే.

ముందు ఏ పరీక్ష కోసం ఆగుతున్నారో తేల్చుకోవాలి. జేఈఈ మెయిన్ ప్లస్ టూ పాసైన సంవత్సరంలోనూ, ఆ తర్వాత రెండేళ్లూ రాయవచ్చు. ఐఐటీల కోసం రాసే అడ్వాన్స్‌డ్‌కి మాత్రం వరుసగా రెండేళ్లలో రెండే అవకాశాలు. అంటే ఆగిన ఏడాదే చివరి అవకాశం. ఐఐటీలో సీటు ఒకసారి ఒప్పుకున్నవారికి అదీ ఉండదు. పైగా మెయిన్ మొదటి విడత జనవరిలోనే. జూన్‌లో మొదలుపెట్టినవాళ్ల చేతిలో ఉండేది ఏడు నెలలు, ఏడాది కాదు. ఎన్ఐటీ సీటుకి ప్లస్ టూలో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) ఉండాలి, లేదా బోర్డులో పై 20 పర్సెంటైల్‌లో ఉండాలి. ఈ రెండూ లేని పిల్లవాడికి మెయిన్‌లో ఎంత మంచి ర్యాంకు వచ్చినా ఎన్ఐటీ తలుపు తెరుచుకోదు. కోచింగ్ ఫీజు కట్టే ముందు మార్కుల జాబితా ఒకసారి తీసి చూడండి.

మెడిసిన్ కోసం రాసే నీట్‌కి 17 ఏళ్లు నిండితే చాలు. పై వయోపరిమితి లేదు, ఎన్నిసార్లు రాయాలన్న లెక్కా లేదు. అందుకే ఒక ఏడాది రెండేళ్లవుతుంది, రెండు మూడవుతాయి. మళ్లీ రాసేది ఎన్నిసార్లో ఇంట్లో ముందే అనుకోకపోతే ఆ మాట తర్వాత ఎవరూ ఎత్తలేరు. 720 మార్కులకు ఇప్పుడు ఎన్ని వచ్చాయి, ఏ సబ్జెక్టులో పోయాయి అన్నది కాగితం మీద పెట్టి మాట్లాడుకోవాలి. ఫిజిక్స్ ఒక్కటే వెనక్కి లాగితే ఏడాదిలో సరిచేసుకోవచ్చు. మూడు సబ్జెక్టులూ బలహీనంగా ఉంటే ఒక ఏడాది సరిపోవడం కష్టం.

ప్రశ్నపత్రం భాష దగ్గర చాలామంది తడబడతారు. నీట్‌లో తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. ఒడియాది ఒడిశా కేంద్రాల్లోనే. బరంపురంలో తెలుగు పత్రం దొరకదు, విశాఖలో ఒడియాది దొరకదు. విశాఖలో కోచింగ్ తీసుకుంటూ ఒడియా పెట్టుకున్న పిల్లలు పరీక్షకు మళ్లీ ఒడిశా రావాలి. దరఖాస్తులో భాష, కేంద్రం రెండూ ఒకేసారి ఆలోచించి నింపాలి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది కాబట్టి ఏ భాష ఎంచుకున్నా ఇంగ్లీషు పారిభాషిక పదాలు వచ్చి ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ అపోహలు స్థానికత మీద ఉన్నాయి. ఆంధ్రలో ఏడాది కోచింగ్ తీసుకుంటే లోకల్ అయిపోతామనుకుంటారు. కాదు. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. కోచింగ్ సెంటరులో కూర్చున్న ఏడాది ఆ లెక్కలోకి రాదు. ఆంధ్ర కాలేజీ సీట్లలో లోకల్ కోటా 85 శాతం పోగా మిగిలిన 15 శాతంలో మన పిల్లలకు చోటు ఉండాలంటే తల్లి గానీ తండ్రి గానీ ఆంధ్రలో పదేళ్లు నివసించినట్టు రుజువు కావాలి. శ్రీకాకుళం, మన్యం జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు తమ పాత ఊరి తహసీల్దారు దగ్గర ఆ ధ్రువపత్రం తీసుకోవచ్చేమో ఈ ఏడాదిలోనే కనుక్కోవాలి. కౌన్సెలింగ్ మొదలయ్యాక పరుగెత్తితే అందదు. ఆంధ్రలో ఇంజనీరింగ్ సీట్లకు పెట్టే ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. ఒడిశా బోర్డు పిల్లలు తమ మార్కులు తామే పంపుకోవాలి. ఎవరో పంపుతారని ఎదురుచూడకూడదు.

స్థానికతలో మనకు కలిసొచ్చేది కూడా ఒకటుంది. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రానికి. సొంత రాష్ట్రమంటే మొదటిసారి ప్లస్ టూ పాసైన రాష్ట్రం. ఇక్కడ పాసైన తెలుగు పిల్లవాడికి రూర్కెలాలో ఆ హక్కు ఉంది. తర్వాత ఆంధ్రలో మళ్లీ ఇంటర్ కట్టినా అది మారదు. అలా కట్టమని చెప్పే దళారులను నమ్మకండి.

ఇక కాగితాలు. కాలేజీ నుంచి సీఎల్‌సీ (కాలేజీ వదిలినట్టు పత్రం), బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ ఫలితాలు వచ్చిన వెంటనే తీసుకోవాలి. ఓబీసీ నాన్ క్రీమీ లేయర్, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) పత్రాలు జాతీయ స్థాయి ప్రవేశాలకు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినవై ఉండాలి. నిరుడు తీసినవి పనికిరావు. ఆగిన పిల్లలు పాతదే జతచేసి జనరల్ కేటగిరీలోకి వెళ్లిపోతుంటారు. ఆంధ్రలో బీసీగా ఉన్న కులం ఒడిశా తరఫున కేంద్ర జాబితాలో ఉండాలని లేదు. ఇదీ ముందే చూసుకోవాలి.

పేరు సంగతి ఇంకా చిక్కు. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు. ఇక్కడి బళ్లో చివర రాస్తారు. ఆధార్‌లో ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరొకటి ఉంటాయి. సర్టిఫికెట్ మార్చాలంటే కటక్‌లోని బోర్డు చుట్టూ తిరగాలి. దానికన్నా ఆధార్‌ను సర్టిఫికెట్‌కి సరిపెట్టడం తేలిక. అయితే ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. అక్షరం అక్షరం సరిచూసి ఇవ్వాలి.

ఫీజు ఒకేసారి కట్టకండి. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలానికి ఫీజు, హాస్టల్, మెస్ డబ్బు లెక్కకట్టి పది రోజుల్లో తిరిగివ్వాలి. అవి మార్గదర్శకాలే. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. కాబట్టి ఫీజు, హాస్టల్ రసీదులు విడివిడిగా అడిగి తీసుకోండి, ఒరిజినల్ మార్కుల జాబితాలు ఎవరి దగ్గరా వదలకండి.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో ఖాళీగా ఉందంటే సంబంధాల మాట మొదలవుతుంది. ఆ ఏడాది చదువు చివరి ఏడాదిగా మారిపోవడం మాకు చాలా బాధ కలిగించే సంగతి. అలాంటి ఇళ్లలో అమ్మాయిని దూరవిద్య నడిపే ఇగ్నోలో బీఏకో బీకాంకో చేర్చండి. జనవరి, జూలై రెండు విడతల్లో ప్రవేశాలుంటాయి. కొరాపుట్‌లోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. నీట్, జేఈఈ అర్హత దానివల్ల పోదు. 2022 నుంచి రెగ్యులర్ డిగ్రీతో పాటు దూరవిద్య డిగ్రీని కూడా యూజీసీ అనుమతిస్తోంది. ఒక్క జాగ్రత్త: తర్వాత కాలేజీ గ్యాప్ అఫిడవిట్ (ఆగిన ఏడాది గురించి ప్రమాణపత్రం) అడిగితే నోటరీ దగ్గర 'ఎక్కడా చదవలేదు' అన్న అచ్చు వాక్యం మీద సంతకం పెట్టకూడదు. ఇగ్నోలో చేరినట్టు రాయించాలి.

డాక్టరో ఇంజనీరో కావాలని లేని పిల్లలకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ మంచి దారి. కొరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం రెండూ ఆ స్కోరుతోనే చేర్చుకుంటాయి. ఐటీఐలో వెల్డర్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్) వంటి ఏడాది కోర్సులూ ఉన్నాయి.

మీ శ్రీకాకుళం, విజయనగరం, మన్యం సంచికలు మా ఊళ్లకూ వస్తున్నాయి. ప్రతి ఏటా ఒడిశా ప్లస్ టూ ఫలితాలు వచ్చిన వారంలో రెండు రాష్ట్రాల దరఖాస్తు గడువులు, కావలసిన పత్రాలు పక్కపక్కన పెట్టి అరపేజీ పట్టిక వేయమని కోరుతున్నాం. ఒడిశా వైపు వివరాలు సేకరించి పంపడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

— ప్లస్ టూ కళాశాలల తెలుగు అధ్యాపకులు కొందరు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా