పాత బార్న్‌లకు, పల్లె చర్చిలకు పన్ను రాయితీ ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

అయోవాలో ఉండే మన తెలుగు కుటుంబాలు వీకెండ్‌లో పల్లెల వైపు వెళ్లి ఎర్ర బార్న్‌ల ముందు ఫొటోలు దిగుతుంటాయి. ఆ కొట్టాలు ఒక్కొక్కటిగా కూలిపోతున్నాయి. వాటిని నిలబెట్టడానికి మనం కూడా గొంతు కలపాలని మీ ఎన్నారై పాఠకులకు చెప్పాలనే ఈ లేఖ.

కింద పశువులు, పైన అటక మీద ఎండుగడ్డి. గుర్రాలతో సేద్యం చేసిన రోజుల్లో బార్న్ లేకుండా పొలం నడిచేది కాదు. ట్రాక్టర్లు, పెద్ద పెద్ద గడ్డి చుట్టలు వచ్చాక దాని పని తగ్గిపోయింది. ఇప్పటి కంబైన్ హార్వెస్టర్ ఆ తలుపుల్లో పట్టదు. వాడకం లేని కొట్టానికి వేలకు వేలు పోసి కప్పు వేయించాలంటే ఏ రైతుకైనా చేయి రాదు, అతన్ని తప్పుపట్టలేం. కానీ కప్పు కారడం మొదలైతే అటక చెక్కలు, ఆ తర్వాత దూలాల అతుకులు కుళ్లిపోతాయి. ఇక గట్టి గాలి ఒక్కటి చాలు. 2020 ఆగస్టు 10న సెడార్ రాపిడ్స్ ప్రాంతంలో గంటకు సుమారు 140 మైళ్ల వేగంతో వీచిన డెరెచో అనే పెనుగాలి తుఫాను ఎన్నో బార్న్‌లను నేలమట్టం చేసింది.

పల్లె చర్చిలదీ ఇదే కథ, నష్టం ఇంకా పెద్దది. చాలా ఊళ్లలో ఓట్లు వేసేది, అవసరమున్నవాళ్లకు ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ నడిచేది, రక్తదాన శిబిరం పెట్టేది, పెద్దవాళ్లకు భోజనం వడ్డించేది చర్చి హాల్లోనే. దానికి తాళం పడితే ఆ ఊళ్లో వీటికి మరో చోటు ఉండదు. నార్త్ డకోటా మైదానాల చర్చిలను చారిత్రక కట్టడాల పరిరక్షణ సంస్థ నేషనల్ ట్రస్ట్ 2001లోనే ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది.

మరమ్మతు ఖర్చులో 20 శాతం మేరకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పన్ను రాయితీ చారిత్రక గుర్తింపు ఉండి, ఆదాయం తెచ్చే కట్టడాలకే. గుర్తింపు లేని 1936కి ముందటి కట్టడాలకు ఉన్న 10 శాతం రాయితీని 2017 చట్టం తీసేసింది. అసలు పన్నే కట్టని చర్చికి రాయితీ ఎందుకు? పెద్దగా పన్ను పడని చిన్న రైతుకీ దానితో ఒరిగేది తక్కువే.

వాళ్లకు కావాల్సింది చేతికందే డబ్బు. 1997లో మొదలైన అయోవా బార్న్ ఫౌండేషన్ దాతల సొమ్ముతో మ్యాచింగ్ గ్రాంట్లు ఇస్తోంది: యజమాని కొంత పెట్టుకుంటే మిగతాది సంస్థ ఇస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం ఇదే పద్ధతిలో ఒక నిధి పెట్టి, ముందు కప్పుల రిపేరుకు ఇవ్వాలి, అందులో ఊరి సేవలు నడిచే చర్చిలనూ చేర్చాలి. ప్రభుత్వ సొమ్ము మతానికా అని కొందరు అడుగుతారు. బోస్టన్‌లోని ఓల్డ్ నార్త్ చర్చి మరమ్మతుకు 2003లో ఫెడరల్ గ్రాంటు ఇచ్చారు. చారిత్రక కట్టడంగా చూసి ఇచ్చిన డబ్బు అది.

ఓటు ఉన్నా లేకపోయినా మనం ఇక్కడ రాష్ట్ర పన్ను కడుతున్నాం. మన జిల్లా శాసనసభ్యులకు ఈ నిధి గురించి ఒక ఈమెయిల్ రాయండి. తెలుగు సంఘాలు ఏటా చేసే ఫుడ్ డ్రైవ్‌లో సరుకులు కొన్నయినా దగ్గర్లోని పల్లె ప్యాంట్రీకి పంపాలని కోరుతున్నాను. సెప్టెంబరులో ఫౌండేషన్ నిర్వహించే బార్న్ టూర్‌కు పిల్లలను తీసుకెళ్లండి, యజమానులతో మాట్లాడించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సెడార్ రాపిడ్స్, అయోవా