చోక్ తీగ ఎందుకు వేడెక్కింది

మస్కట్ నుంచి

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. నాన్నగారు, అమ్మ, నాయనమ్మ, నువ్వు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. సంక్రాంతికి రాలేకపోయానన్న దిగులు ఇంకా తీరలేదు. జగ్గన్నతోట ప్రభల వీడియో నువ్వు పంపినప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో. ఆ కబుర్లు తర్వాత. ముందు స్టార్టు కాని మన బండి సంగతి.

ఫోనులో చెబుదామంటే మాట మాటకూ తెగిపోతోంది. పైగా బానెట్ ఎత్తి నిలబడ్డప్పుడు నీ చేతిలో కాగితం ఉండాలి. అందుకే రాస్తున్నాను. ఇంజనును తిప్పి స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు కొత్తది కొనవద్దు. ఇందులో చెప్పినవి చూసేదాకా నాన్నగారిని ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టనివ్వకు. కొత్త బ్యాటరీకి పెట్టిన డబ్బే వృథా అయిందని నా మనసు బాధపడుతోంది.

నిన్న నువ్వు నాలుగు గుర్తులు చెప్పావు. తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు. సెల్ఫ్ బరువుగా అర చుట్టు తిరిగి ఆగిపోవడం. బ్యాటరీ మార్చినా అదే తీరు. నాలుగోది నువ్వు తేలిగ్గా అనేశావు కానీ, అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నాన్నగారు చోక్ లాగి పట్టుకుంటే వేళ్లు చురుక్కుమన్నాయన్నావు. తమ్ముడూ, చోక్ తీగలో కరెంటు పారే పనే లేదు. కార్బురేటర్‌లో గాలి మూతను లాగడానికి పెట్టిన ఉత్త ఇనుప తీగ అది. అది వేడెక్కిందంటే, సెల్ఫ్‌లోంచి బ్యాటరీకి తిరిగి రావలసిన కరెంటు దారి దొరక్క ఆ తీగలోంచి దూరుతోందని అర్థం.

సెల్ఫ్ ఇంజనుకే బిగించి ఉంటుంది, ఇంజనేమో రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పారదు. బ్యాటరీ మైనస్ వైరేమో బాడీకి బిగించి ఉంది. కాబట్టి ఇంజను నుంచి బాడీకి కరెంటు దాటడానికి ఒకటే వంతెన, రాగి తీగలతో అల్లిన ఎర్త్ పట్టీ. మన బండికి అది గేర్‌బాక్సు పక్కన, కింది వైపు ఉంటుంది. అది పాడైతే కరెంటు చోక్ తీగ, స్పీడోమీటర్ కేబుల్, ఏది దొరికితే దానిలో దూరుతుంది. గోదావరి మీది చించినాడ వంతెన మూసిన రోజున జనమంతా సఖినేటిపల్లి రేవులో పంటు పడవ మీద పడ్డట్టే అనుకో. ఆ సన్న తీగ అంత బరువు మోయలేదు, కాలిపోతుంది. పక్కనే కార్బురేటర్, అందులో పెట్రోలు. అందుకే ఈ ఉత్తరం అందేదాకా తాళం తిప్పవద్దని నిన్న అంత గట్టిగా చెప్పాను.

పట్టీ ఎందుకు పాడైందో కూడా ఊహించగలను. 2022 జూలై వరదకు బండి మూడు రోజులు ఇరుసుల దాకా నీళ్లలో నిలబడింది కదా. అల్లిన రాగి పట్టీ వత్తిలాగా నీటిని పీల్చుకుంటుంది. పైన ఆరినట్టే కనిపిస్తుంది, లోపల చిలుము పడుతూనే ఉంటుంది. దానికి తోడు మనకు సముద్రపు ఉప్పుగాలి.

మెకానిక్ టెస్టు బల్బు పెట్టి చూశాడనీ, బల్బు బాగానే వెలిగిందనీ, అందుకే ఎర్త్ మంచిదేనని అన్నాడనీ చెప్పావు. పొరపాటు అక్కడే జరిగింది. 60 వాట్ల హెడ్‌లైటు బల్బు తీసుకునేది 5 ఆంపియర్లు. టెస్టు బల్బుకు అంత కూడా అక్కర్లేదు. సెల్ఫ్ ఇంజనును తిప్పాలంటే 150 ఆంపియర్ల దాకా కావాలి. నాలుగు పోగులు మిగిలిన పట్టీ బల్బును వెలిగిస్తుంది, సెల్ఫ్‌ను తిప్పలేదు. అతుకులో 0.02 ఓముల అడ్డు ఉన్నా చాలు, 150 ఆంపియర్ల దగ్గర 3 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. నేను కూడా మొదట్లో ఇదే తప్పు చేశాను. ఇక్కడి బర్కా అనే ఊరి నుంచి చేపలు పట్టే అతను పాత పికప్ తెచ్చాడు, అప్పటికే రెండు బ్యాటరీలు, ఒక సెల్ఫ్ మార్చుకుని వచ్చాడు. నేను బల్బు పెట్టి బాగుందన్నాను. మా గ్యారేజీలోని మలయాళీ పెద్దాయన నా చేతిలోంచి బల్బు తీసేసి మీటరు పెట్టారు. ఆ రోజు నుంచి, బరువు మీద, అంటే సెల్ఫ్ తిరుగుతుండగా కొలవనిదే నేను ఏ వైరునూ మంచిదనలేదు.

ఇక నువ్వు చేయవలసింది. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేకు వెయ్యి. భుజం మీది తువ్వాలు తీసేయి, ఫ్యాను రెక్కల దగ్గరికి వేలాడేది ఏదీ ఉండకూడదు. బ్యాటరీ దగ్గర ఎవరినీ బీడీ కాల్చనివ్వకు, దాని నుంచి మండే వాయువు వస్తుంది. లావుపాటి జంపర్ కేబుల్ ఒకటి తెచ్చి, ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, రెండో కొన ఇంజను మీద రంగు, నూనె లేని లోహానికి తగిలించు. ఇప్పుడు తాళం తిప్పు. సెల్ఫ్ గిర్రున తిరిగితే దొంగ దొరికినట్టే. చోక్ తీగ కూడా చల్లగా ఉంటుంది, తాకి చూడు.

మీటరు దొరికితే కొలత కూడా తీసుకో. ఇంజను అందుకోకుండా, ప్లగ్గుల నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే కాయిల్‌కు వచ్చే సన్న వైరు ఊడదియ్యి. జంపర్ తీసేసి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ సీసపు ముక్కుకు, రెండోది ఇంజను లోహానికి ఆనించు. నాన్నగారిని రెండే రెండు సెకన్లు తాళం తిప్పమను. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ మంచిదే. ఒకటి, రెండు వోల్టులు చూపిస్తే పట్టీ పోయినట్టే. ఒకవేళ నా ఊహ తప్పై ఎర్త్ బాగుంటే, బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టు దాకా ఇలాగే కొలువు, అక్కడ 0.5 దాటకూడదు. ఆ రెండూ సరిగ్గా ఉండి, తిప్పేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల పైన నిలబడితేనే సెల్ఫ్‌ను అనుమానించాలి.

పట్టీ మార్చేటప్పుడు ముందు బ్యాటరీ మైనస్ విప్పు, చివర అదే బిగించు. బోల్టు కూర్చునే రెండు చోట్లా గరుకు కాగితంతో తళతళలాడే దాకా రుద్దు. రంగు మీద బిగిస్తే కొత్త పట్టీ కూడా పని చేయదు. బిగించాక పైన వాజలిన్ పూయి.

సెల్ఫ్ బాగా తిరిగినా ఇంజను అందుకోకపోతే అది వేరే సంగతి. ఈ మంచు రోజుల్లో, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ పడుతుంది, పొడిబట్టతో తుడువు.

భీష్మ ఏకాదశికి నాయనమ్మను అంతర్వేది రథానికి ఆ బండిలోనే తీసుకెళ్లాలని నాన్నగారి కోరిక. ఆటోలో ఆ కుదుపులకు ఆమె నడుము తట్టుకోలేదు. ముందురోజు ఒకసారి మలికిపురం దాకా నడిపి చూడండి.

పాత పట్టీ పారేయవద్దు. మధ్యలో వంచి, లోపలి పోగులు కనిపించేలా ఫోటో తీసి పంపు. పచ్చటి పొడి రాలిందో లేదో చూడాలని ఉంది.

అన్నయ్య