మీ చైనీస్ రెస్టారెంటు బరంపురం బ్రాంచి మీద నాలుగోసారి రాస్తున్న ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి, అక్కడ నిజంగా మనుషులంటూ ఉంటే,

ఇది నా నాలుగో మెయిల్. ముందు పంపిన మూడింటికీ మీ దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఒక్కటే, అక్షరం పొల్లు పోకుండా అదే: "మీ ఫిర్యాదు అందింది, మా ప్రతినిధి 48 గంటల్లో మిమ్మల్ని సంప్రదిస్తారు." నవంబరు 10న మొదలైన ఆ 48 గంటలు ఇవాళ జనవరి 12న కూడా పూర్తి కాలేదు. ఆ గడియారం ఎక్కడ కొన్నారో చెప్పండి, మా కొట్లో కూడా ఒకటి తగిలిస్తాను, నూలు వ్యాపారులు బాకీ అడగడానికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

నేను బడాబజార్లో పట్టుచీరలు అమ్ముకునేవాణ్ణి. మీ కాంటనీస్ రెస్టారెంటు ఈ ఊళ్లో తెరిచినప్పుడు నా అంత సంతోషపడినవాడు ఇంకొకడు ఉండడు. 2018లో మగ్గాల సామాను చూడ్డానికి కాంటన్ ఫెయిర్‌కి వెళ్లాను, చైనాలో గ్వాంగ్‌జౌకి, కాంటన్ అంటే ఆ ఊరి పాత పేరే. అక్కడ పొద్దున్నే ముసలీ ముతకా అందరూ టీ ముందు పెట్టుకుని, ఆవిరి బుట్టల్లో వచ్చే చిన్న చిన్న పదార్థాలు తింటూ గంటలు గంటలు కూర్చుంటారు. ఎవరైనా కప్పులో టీ పోస్తే రెండు వేళ్లతో బల్ల మీద తడతారు, అది వాళ్ల థాంక్స్. టీపాట్ ఖాళీ అయితే మూత కాస్త పక్కకి తీసి పెడతారు, అంతే, నోరు విప్పక్కర్లేదు, ఎవరో ఒకరు వచ్చి వేడినీళ్లు పోసి వెళ్తారు. ఆ ముచ్చట మా ఊరికే వచ్చిందని మూడేళ్లుగా ఇచ్ఛాపురం చుట్టాల్నీ సోంపేట వియ్యాలవారినీ బెంగళూరు నుంచి వచ్చే పట్టు వ్యాపారుల్నీ వెంటేసుకుని మీ దగ్గరికే వచ్చాను. పోయిన ఏడాది మా ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్రకి వచ్చిన పదకొండు మందినీ ఒకే రోజు మీ బల్లల దగ్గర కూర్చోబెట్టాను. మీ మెంబర్‌షిప్ కార్డు ఇంకా నా పర్సులోనే ఉంది, వెనక బంగారు రంగులో 'విలువైన అతిథి' అని రాసి ఉంటుంది. ఆ విలువ ఎంతో ఈ రెండు నెలల్లో తెలిసింది.

నవంబరు 9 ఆదివారం. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని ఆరుగురం వచ్చాం. టీపాట్ మూత పక్కకి తీసి పెట్టాను. ఇరవై నిమిషాల్లో దాని దగ్గరికి వచ్చింది ఒక్క ఈగ. ఆవిరి మీద ఉడికించిన చేప చల్లారిపోయి వచ్చింది. రొయ్యల డంప్లింగు పైపొర చాప్‌స్టిక్కుకి అంటుకుని చిరిగిపోయింది, పక్కనే చిలికా పెట్టుకుని ఆ రొయ్యల్ని ఎన్నాళ్లు ఫ్రిజ్‌లో దాచారో మీకే తెలియాలి. ఇవేవీ నా ఫిర్యాదు కాదు, వంట అన్నాక ఒకరోజు కుదరదు, అది మా ఇంట్లోనూ ఉన్నదే.

మా అమ్మకి డెబ్బై నాలుగేళ్లు. కార్తీకమాసంలో నీచు ముట్టదు. (మిగతావాళ్లం అంత నిష్ఠాపరులం కాదు, ఆ సంగతి మా ఇంట్లో తేల్చుకుంటాం.) అందుకని మెనూలో ఆకుపచ్చ చుక్క ఉన్న టోఫు, పుట్టగొడుగులు, పాక్‌చోయ్ ఆకు వేసిన కూర చెప్పాను. వెయిటర్ని ఒకసారి ఒడియాలో, ఒకసారి తెలుగులో, ఇంకోసారి వేలితో చుక్క చూపించి మరీ అడిగాను. మూడుసార్లూ "పూరా వెజ్, ఆగ్యా" అన్నాడు. అమ్మ సగం తిన్నాక, చేతులు కడుక్కోవడానికి వెళ్లిన మా అమ్మాయికి వంటగది కిటికీలోంచి పొయ్యి పక్కన సాస్ సీసా కనబడింది, దాని మీద ఆల్చిప్పల బొమ్మ. వంటాయన్ని అడిగితే "అన్ని ఆకుకూరల్లోనూ అదే వేస్తామమ్మా, లేకపోతే ఆ రంగు రాదు" అన్నాడట. పాపం ఆయనొక్కడే ఆ రాత్రి నిజం చెప్పినవాడు, ఆయన్ని ఏమీ అనకండి.

ఆ ఆల్చిప్పల సాస్, అదే ఓయ్‌స్టర్ సాస్, కాంటనీస్ వంటకి ప్రాణమని నాకూ తెలుసు, అది పుట్టిందే గ్వాంగ్‌జౌ ఉన్న ఆ గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో. పుట్టగొడుగులతో చేసే వెజ్ సాస్ కూడా బజార్లో దొరుకుతుందని మీకు తెలియదా? సరే, తెలియలేదే అనుకుందాం, ఆ చుక్క ఎర్రగా వేయడానికి ఏం ఖర్చవుతుంది?

అమ్మ "ఏంట్రా అది?" అంది. "ఆల్చిప్పల రసం అమ్మా" అన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. చెంచా పళ్లెంలో పెట్టి, వాష్‌బేసిన్ దగ్గర నోరు పుక్కిలించి, చీర చెంగుతో తుడుచుకుని, బయట సెక్యూరిటీ అతని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మేము బిల్లు కట్టి వచ్చేదాకా అక్కడే. మర్నాడు చీకటితోనే గోపాలపురం వెళ్లి సముద్రంలో మునిగి వచ్చింది. వచ్చాక అన్న మాట: "ఆ ఆల్చిప్పలు ఉండేదీ ఆ నీళ్లలోనేగా, దానికే దండం పెట్టి వచ్చాను." నవ్వుతూనే అంది గాని, ఆ నెలంతా మళ్లీ బయట మంచినీళ్లు కూడా తాగలేదు.

ఆ రాత్రే మీ మేనేజరు వచ్చి, క్షమించండి, చూసుకోలేదు అని ఒక్క మాట అని ఉంటే ఈ నాలుగు మెయిళ్లూ లేవు. వచ్చాడు, నల్లకోటు, చెవిలో బ్లూటూత్. మొత్తం విని, "ఛడఖాయి గురువారమే అయిపోయింది కదా సార్, ఇంకా కార్తీకం ఏంటి?" అన్నాడు. అవునయ్యా, ఒడియావాళ్లకి పౌర్ణమితో నెల అయిపోతుంది, మర్నాడు ఛడఖాయి అని మాంసం కొట్ల ముందు క్యూలు కడతారు. మాకు నెల అమావాస్య దాకా, ఈసారి 20వ తేదీ వరకు ఉంది. ఈ ఊళ్లో మా పక్కింటి ఒడియా కుర్రాడికి కూడా తెలుసు ఆ సంగతి, అమావాస్య దాటేదాకా వాళ్లింట్లో చేపలు వండితే మా వైపు కిటికీ వేస్తాడు. మీ మేనేజరేమో మా అమ్మకి పంచాంగం చెప్పాడు. పైగా "సాస్ అంటే సాసే సార్, అందులో ముక్కలేమైనా ఉన్నాయా?" అని లాజిక్కు. కంప్లైంట్ పుస్తకం అడిగితే లేదన్నాడు, బల్ల మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నాడు. చేశాను. అయిదు స్టార్లు ఇస్తే ఐస్‌క్రీం ఫ్రీ అని వచ్చింది. ఒక స్టారు నొక్కితే తెల్లతెర, అంతే, ఇప్పటికీ తెల్లతెరే.

మర్నాడు మీ టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేశాను. ఒడియాకి ఒకటి, హిందీకి రెండు, ఇంగ్లీషుకి మూడు. ఊళ్లో సగం బజారు తెలుగులో బేరాలాడుతుంది, తెలుగుకి అంకె లేదు, సరే ఒకటే నొక్కాను. పద్దెనిమిది నిమిషాలు సితార్ వినిపించి, నిమిషానికోసారి "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అన్నారు. తర్వాత దొరికిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు, "ఆగ్యా, ఆగ్యా" అంటూ అంతా విని, చివర్న "ఓయ్‌స్టర్ అంటే ఏ రకం కూరగాయ సార్?" అని అడిగింది. చెప్పాను. రాసుకుంది. టికెట్ నంబరు ఇచ్చింది.

నాలుగు రోజులకి ఒకాయన బెంగాలీ యాసలో ఫోన్ చేసి "మీరు మా దగ్గరికి ఎప్పుడొచ్చారు? ఆదివారం టోఫు ఆర్డరే లేదు" అని కోప్పడ్డాడు. అయిదు నిమిషాలు ఇద్దరం అరుచుకున్నాక తెలిసింది, ఆయన మాట్లాడేది పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా బహరంపూర్ నుంచి, పేరు కలిసింది కదా! నా ఫిర్యాదు ఒడిశా దాటి, గంగ దాకా వెళ్లింది. మా కొట్టు పార్సిళ్లు పాతరోజుల్లో అలాగే తప్పిపోయేవి, అక్కడా పట్టుకే పేరు మరి. కానీ పార్సిలు పోతే రైల్వేవాళ్లు కూడా వెతికి వెనక్కి పంపేవారు. మీరు ఏం చేశారు? అదే సాయంత్రం నాకు మెసేజ్ పంపారు: "మీ సమస్య సంతృప్తికరంగా పరిష్కరించబడింది. టికెట్ మూసివేయడమైనది." ఎవరికి సంతృప్తి? ఆ బహరంపూర్ ఆయనకా?

మళ్లీ ఫోన్ చేస్తే, మూసిన టికెట్ తెరవడం కుదరదు, కొత్తది పెట్టమన్నారు. పెట్టాను. ఈసారి దొరికినబ్బాయి ఫోటో అడిగాడు. దేని ఫోటో? "సాస్ ఫోటో సార్." మా అమ్మ కడుపులోకి వెళ్లిన సాస్‌కి ఎక్స్‌రే తీయించి పంపమంటారా? బిల్లు ఫోటో పంపాను. దాని మీద వాట్సాప్‌లో మీ రోబో "హాయ్! ఈరోజు ఏం తినాలనుకుంటున్నారు?" అంది.

ఆ తర్వాత ఏరియా మేనేజరు స్వయంగా కొట్టుకి వస్తారని ఫోన్. శనివారం 11 గంటలకి. పెళ్లిళ్ల సీజను, నలుగురు పెళ్లివారు చీరలు పరిపించుకుని కూర్చున్నారు, అయినా అమ్మని కొట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పదకొండయింది, ఒంటిగంటయింది. అమ్మ రెండుసార్లు "వస్తారా?" అని అడిగి, మూడోసారి అడగకుండా రిక్షా పిలిపించుకుని ఇంటికి వెళ్లిపోయింది. నాకు కోపం వచ్చింది ఓయ్‌స్టర్‌కి కాదు సార్, ఆ మూడో ప్రశ్న అడగకపోవడానికి. సాయంత్రం నేను ఫోన్ చేస్తే ఆ మేనేజరు "ఏ శనివారం అన్నారు?" అన్నాడు.

డిసెంబరు 4న కొరియర్ వచ్చింది. కాస్త ఆశ పడ్డాను, అబద్ధం ఎందుకు. విప్పితే కూపను: 'షెఫ్ స్పెషల్ రొయ్యల మీద 15 శాతం తగ్గింపు.' కార్తీకంలో నీచు తినిపించారని ఫిర్యాదు చేసిన ఇంటికి రొయ్యలు! గడువు తేదీ నవంబరు 30. అంటే మీరు పంపిన క్షమాపణ చేతికి అందేటప్పటికే చచ్చిపోయింది.

మా కొట్లో కుంభం అంచు చీర మీద ఒక్క పోగు లేచి ఉన్నా, అమ్మిన ఆర్నెల్లకి తెచ్చినా, ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం, చీర వెలుగులోకి పట్టి చూస్తాం, తప్పు మాదా వాళ్లదా అన్నది ఆ తర్వాత సంగతి. మా నాన్న నేర్పిన పద్ధతి అది, దానికి టికెట్ నంబరు అక్కర్లేదు.

ఇంకొకటి, మొన్న బిల్లు మళ్లీ తీసి చూస్తే కనబడింది. తిండి 3,940 రూపాయలు. దాని మీద నన్నడక్కుండా 10 శాతం సర్వీసు ఛార్జీ 394. ఆ 394 మీద కూడా 5 శాతం జీఎస్టీ, అది 19 రూపాయల 70 పైసలు. ఏ సర్వీసుకి? ఈగకా? హోటళ్లు అడక్కుండా బిల్లులో సర్వీసు ఛార్జీ కలపకూడదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, దాని మీద హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటే నిలబెట్టింది. మా అమ్మాయి వెతికి చూపించింది. కాబట్టి 413 రూపాయల 70 పైసలు నాకు రావాలి. డబ్బుకి కక్కుర్తి అనుకోకండి, 70 పైసలు కూడా వదలను, ఇప్పుడు అది పంతం.

ఇక ముందు ఏం చేస్తానో చెబుతున్నాను, తర్వాత చెప్పలేదనొద్దు. 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేస్తాను, అక్కడ తెలుగు కూడా మాట్లాడతారు, మీలా కాదు. జిల్లా వినియోగదారుల కమిషన్ ఇదే ఊళ్లో ఉంది, మా కొట్టు నుంచి ఆటోలో వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు, రెండేళ్ల గడువుంది, నేను రెండు నెలలే వాడుకున్నాను. మీ బిల్లు మీద ఉన్న 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు రాసి పెట్టుకున్నాను, ఆకుపచ్చ చుక్క కథ ఆ ఆఫీసువాళ్లకి కూడా వినిపిస్తాను. బజారులో రోజుకి వందమంది మా కొట్టు మెట్లెక్కుతారు, వాళ్లలో ఎవరైనా "మంచి చైనీస్ ఎక్కడ దొరుకుతుంది?" అంటే ఏం చెప్పాలో ఇప్పటిదాకా తెలుసు, ఇకపైనా తెలుసు.

ఇవన్నీ వద్దనుకుంటే ఒకటే పని. భువనేశ్వర్ హెడ్డాఫీసు నుంచి ఎవరైనా ఒక మనిషి, కోటు లేకపోయినా పర్లేదు, వచ్చి మా అమ్మతో తప్పయిందని చెప్పాలి. తెలుగులో రాకపోతే ఒడియాలో చెప్పండి, ఆవిడకి మీ కన్నా బాగా వచ్చు. ఆ కూర పక్కన చుక్క రంగు మార్చిన మెనూ కార్డు ఒకటి తెచ్చి చూపించాలి.

కొట్టు పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది. అమ్మ మధ్యాహ్నం పడుకుంటుంది, 4 దాటాక రండి. ఏ శనివారమో ముందే చెప్పండి. వచ్చేటప్పుడు 413 రూపాయల 70 పైసలు చిల్లర తెచ్చుకోండి, వెళ్లేటప్పుడు మీ రొయ్యల కూపను పట్టుకెళ్లండి.

ఇట్లు,
మీ కార్డు ప్రకారం 'విలువైన అతిథి',
బడాబజార్, బరంపురం