పని చోట పండుగ చేస్తే పని కథ కూడా చెప్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏటా జులై, ఆగస్టు నెలల్లో మీ ప్రవాసుల పేజీలో బ్రిటన్ కార్యాలయాల్లో మనవాళ్లు జరుపుకునే దక్షిణాసియా వారసత్వ మాసం ఫొటోలు వస్తుంటాయి. పట్టుచీరలు, గోరింటాకు, బల్ల నిండా సమోసాలు, వెనక కంపెనీ పేరున్న బ్యానరు. లెస్టర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నేను కూడా అలాంటి ఫొటోల్లో నవ్వుతూ నిలబడుతూనే ఉంటాను, ఆ సరదాను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ఈ వేడుక జరిగేది గుడిలోనో, సంఘం హాలులోనో కాదు, పనిచేసే చోట. పనిచేసే చోట మన కుటుంబాల వలస గురించి మాట్లాడుకుంటున్నప్పుడు, ఆ వలస ఏ పని కోసం జరిగిందో, ఎవరు పిలిచారో, ఎంత కూలి ఇచ్చారో, ఎక్కడ అడ్డుపడ్డారో చెప్పకుండా తిండి, బట్ట దగ్గరే ఆగిపోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఈ మాసం 2020లో మొదలైనప్పుడు జులై 18 నుంచి ఆగస్టు 17 వరకు అని తేదీలు పెట్టుకున్నారు. భారత స్వాతంత్ర్య చట్టానికి బ్రిటన్ రాజు ఆమోదముద్ర పడింది 1947 జులై 18న. దేశాన్ని చీల్చిన రాడ్‌క్లిఫ్ సరిహద్దు రేఖ జనానికి వెల్లడైంది ఆగస్టు 17న, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు. ఆ గీత వల్ల కోటి మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలి కదిలారు. ఇంత బరువైన తేదీల మధ్య పెట్టుకున్న మాసానికి మా కార్యాలయం వేసే పోస్టరు మీద ఆ సంగతి ఒక్క ముక్క ఉండదు, ఏనుగు, నెమలి మాత్రం తప్పకుండా ఉంటాయి.

నేనుంటున్న ఊరి సంగతే తీసుకుందాం. 1972 ఆగస్టులో నియంత ఈదీ అమీన్ ఉగాండాలోని ఆసియావాసులను తొంభై రోజుల్లో దేశం వదిలిపొమ్మన్నప్పుడు, వారు ఎక్కడ తమ ఊరికి వచ్చి పడతారోనని లెస్టర్ నగరపాలక సంస్థ ‘ఉగాండా ఆర్గస్’ అనే పత్రికలో, ఇక్కడ ఇళ్లు లేవు, బడుల్లో చోటు లేదు, మా ఊరికి రావద్దని ప్రకటన వేయించింది. అయినా వేలమంది వచ్చారు. ఫ్యాక్టరీల్లో చేరారు. 1974 మే నెలలో ఇదే ఊళ్లోని ఇంపీరియల్ టైప్‌రైటర్స్ కర్మాగారంలో ఆసియా కార్మికులు, బోనసు లెక్కలో తమకు అన్యాయం జరుగుతోందని పని ఆపి బయటికి వచ్చారు. వారు చందా కట్టిన కార్మిక సంఘమే వారి వెంట నిలబడలేదు. సమ్మె మూడు నెలల దాకా సాగింది. మరుసటి ఏడాది కర్మాగారమే మూతపడింది. రావద్దని ప్రకటన వేసిన ఆ నగరమే ఇప్పుడు దీపావళికి వీధి పొడుగునా దీపాలు కట్టి జనాన్ని రమ్మని పిలుస్తుంది. ఈ మార్పు దానంతటది రాలేదు. 1963లో బ్రిస్టల్ బస్సుల్లో నల్లవారికి, ఆసియావారికి ఉద్యోగం ఇవ్వబోమన్నందుకు జనం నెలల తరబడి బస్సులెక్కడం మానేశారు. ఆ ఏడాది సెప్టెంబరులో కండక్టరుగా చేరిన మొదటి శ్వేతేతరుడు ఒక సిక్కు. ఉద్యోగాల్లో జాతి వివక్ష చట్టవిరుద్ధమైంది 1968లో. 1976 ఆగస్టులో లండన్‌లోని గ్రన్‌విక్ ఫిల్ము ప్రాసెసింగ్ సంస్థలో జయాబెన్ దేశాయ్ ముందు నిలిచి నడిపిన సమ్మెలో ఎక్కువమంది మన ఆసియా ఆడవాళ్లే. చలిలో చీరల మీద కోట్లు వేసుకుని గేటు ముందు దాదాపు రెండేళ్లు నిలబడ్డారు, చివరికి ఓడిపోయారు, ఉద్యోగాలు తిరిగి రాలేదు. పని చోట వారసత్వం అంటే నా లెక్కలో ఇది ముందు వరసలో ఉండాలి.

ఇవన్నీ గుజరాతీల, పంజాబీల సంగతులు, మనకేమిటి అని కొందరు తెలుగు మిత్రులు అంటుంటారు. మన వలస సాఫ్ట్‌వేరుతో మొదలైందన్న భ్రమ అందులో ఉంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ‘ట్రూరో’ నౌకలోని చెరకుతోటల కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. మారిషస్‌కు, ఫిజీకి, మలయాకు కూడా అలాగే వెళ్లారు. డర్బన్ వెళ్లిన కూలీల నౌకల జాబితాల్లో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, చివర ఒంటి మీది గుర్తులు రాసేవారు. చాలా కుటుంబాలకు తమ పూర్వికుల గురించి రాతలో మిగిలింది ఆ ఒక్క వరసే, అదీ పనిలో పెట్టుకున్నవాళ్లు తమ అవసరానికి రాసుకున్నది. బర్మాలోని రంగూన్ రేవులో బస్తాలు మోసింది శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్లు. 1930 మే నెలలో కూలి పెంచమని వాళ్లు సమ్మె చేస్తే వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టి, రాజీ కుదిరాక ఆ బర్మావాళ్లను తీసేశారు. దాంతో చెలరేగిన అల్లర్లలో ఎందరో తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. విశాఖలో, బర్మా నుంచి తిరిగి వచ్చినవాళ్లు స్థిరపడ్డ బర్మా క్యాంపు అనే పేరు వినని వారుండరు గానీ, ఆ పేరు వెనక ఉన్న ఈ చరిత్రను ఎంతమంది తమ పిల్లలకు చెబుతున్నారో సందేహమే.

మా తాతగారు రంగం, అంటే రంగూన్, వెళ్లినవారే. కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా జీతం చేతికి రాలేదట. 1942లో జపాను బాంబులు పడ్డాక ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలు దాటి, నడిచి ఇల్లు చేరారు. ఆయన మెడ వెనక, బస్తా ఆనే చోట, చర్మం కాయ కాసి నల్లగా గట్టిపడి ఉండేది. చిన్నప్పుడు దాన్ని వేలితో నొక్కి చూసేవాణ్ణి. ఆ మధ్య మా కార్యాలయంలో ప్రపంచపటం గోడకు అంటించి, ఎవరి కుటుంబం ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో గుండుసూదులు గుచ్చి దారం కట్టమన్నప్పుడు, నేను రంగూన్ దగ్గర సూది గుచ్చి ఈ సంగతి చెప్పాను. పక్కనే నిలబడి వింటున్న సహోద్యోగి తాతగారిది పాకిస్తాన్ పాలనలోని కశ్మీర్‌లో మీర్‌పూర్ ప్రాంతం, మంగ్లా ఆనకట్ట కింద ఊరు మునిగిపోతే బ్రాడ్‌ఫర్డ్ బట్టల మిల్లులో రాత్రి షిఫ్టుకు చేరిన మనిషి. తెల్లవాళ్లు వద్దన్న షిఫ్టు గనుకే ఆయనకు దొరికిందట. ఆ తర్వాత అరగంట సేపు అక్కడున్న వాళ్లంతా, ఇంగ్లీషువాళ్లతో సహా, తమ తమ తాతలు ఏ గనిలో, ఏ మిల్లులో, ఎంత జీతానికి పనిచేశారో చెప్పుకున్నారు. సమోసాల బల్ల దగ్గర అలాంటి మాటలు నేనెన్నడూ వినలేదు.

అలాగని అందరినీ లేపి నిలబెట్టి మీ కథ చెప్పండి అనడం కూడా సరికాదు. మనవాళ్ల మధ్య కుటుంబ వలస కథ చెప్పడమంటే ఊరు, వృత్తి, ఇంటిపేరు చెప్పడం. అవి చెబితే కులం చెప్పినట్టే. దాన్ని దాటుకుందామని సముద్రం దాటి వచ్చిన వాళ్ల చేత కార్యాలయం ఉత్సాహంగా అదే చెప్పించడం ఎంత ఇబ్బందో హెచ్‌ఆర్ విభాగాలకు తెలియదు. ఇష్టమైన వాళ్లు చెప్పాలి, ఇష్టం లేని వాళ్లను కారణం అడగకూడదు. ఈ ఏర్పాట్ల పని కూడా ఎప్పుడూ ఆ నలుగురు దక్షిణాసియా ఉద్యోగుల మీదే, అదీ పని వేళలు ముగిశాకే పడుతుంది. దాన్ని పని గంటల్లో లెక్క కట్టమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఇంకొక్క సంగతి. వలస పాత కథ మాత్రమే కాదు. యాజమాన్యం పూచీతో దొరికే స్పాన్సర్‌షిప్ వీసా మీద ఉన్న తెలుగు పిల్లవాడికి ఉద్యోగం పోతే, వేరే స్పాన్సరును వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది అరవై రోజులు. యాజమాన్యం కట్టిన బ్యానరు కింద నిలబడి తన వలస కథను అతను ఎంతవరకు నిజంగా చెప్పగలడో వేదిక మీదికి పిలిచేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

మీ పత్రికకు నాదొక విన్నపం. వేడుకల ఫొటోలు వేయండి, వాటి పక్కనే వారానికి ఒక్క కుటుంబం పని కథకు కాస్త చోటివ్వండి. గుంటూరు, విశాఖ, ఉస్మానియా వైద్య కళాశాలల్లో చదివి అరవైలు, డెబ్బైలలో ఇక్కడికి వచ్చి, స్థానికులు ఇష్టపడని వృద్ధుల వార్డుల్లో, మారుమూల ఊళ్ల క్లినిక్‌లలో జీవితమంతా పనిచేసిన డాక్టర్లు ఇంకా మన మధ్య ఉన్నారు, వారిలో చాలామంది ఎనభై దాటినవారు. రంగం నుంచి తిరిగి వచ్చిన వాళ్ల పిల్లలు ఉత్తరాంధ్రలో ఉన్నారు. ఏ ఏడాది వెళ్లారు, ఏ పనికి, ఎవరి ద్వారా, మొదటి జీతం ఎంత, ఎందుకు తిరిగి వచ్చారు లేదా రాలేదు అన్న ఐదు ప్రశ్నలు మీరు అచ్చువేసి పాఠకులను జవాబులు పంపమంటే, వచ్చే జులైకి ఇక్కడి కార్యాలయాల గోడల మీద పెట్టుకోవడానికి మా దగ్గర నెమలి బొమ్మ కాకుండా మరొకటి ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
లెస్టర్, బ్రిటన్