సార్వకాలిక జట్టులో పాతతరానికి చోటేది?

సంపాదకులకు,

సార్వకాలిక భారత టెస్టు జట్టు అనగానే మన విశాఖలోనూ గత పాతికేళ్ల పేర్లే వినిపిస్తున్నాయి. టీవీలో చూసినవారినే గొప్పవారనడం అన్యాయం. 2005లో ఈ నగరంలోనే పాకిస్థాన్‌పై ధోనీ బాదిన 148 పరుగులు నాకూ ప్రాణమే. కీపర్‌గా నా ఓటు ఆయనకే. కానీ పాతతరం ఆల్‌రౌండర్ వినూ మన్కడ్‌ను ఎలా వదిలేస్తారు? 1952 లార్డ్స్ టెస్టులో 72, 184 పరుగులు చేసి, ఐదు వికెట్లూ తీశారు. మనం ఓడిన మ్యాచ్ అది, అయినా అంతటి ఒంటరి పోరాటం అరుదు.

ఇక సి.కె.నాయుడు. తెలుగు కుటుంబంలో పుట్టి, 1932లో మన తొలి టెస్టు కెప్టెన్ అయ్యారు. అప్పటికే ఆయనకు 36 ఏళ్లు. ఆడినవి ఏడే టెస్టులు కాబట్టి సగటు చూపించి పక్కన పెడుతున్నారు. దేశానికి టెస్టులే లేని కాలంలో, 1926లో, బొంబాయిలో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో ఆయన చేసిన 153 పరుగులను ఏ సగటు చూపిస్తుంది? రంజీల్లో మన ఆంధ్ర జట్టునూ నడిపించిన మనిషాయన! హెల్మెట్లు లేని ఆ రోజుల ఆటను ఆనాటి ప్రత్యర్థులతో, పిచ్‌లతోనే కొలవాలి. మీ క్రీడల పేజీలో ఆ తరం గురించి వారానికొక వ్యాసమైనా ప్రచురించండి.

– ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం