విమానం వెళ్లిన చోటికి పైలట్ సర్వీసు కూడా వెళ్లాలి

సంపాదకులకు,

అమెరికాలో చిన్న విమాన సంస్థలు కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కు (కో-పైలట్‌కు) గంటకు 90 డాలర్లు ఇస్తున్నాయన్న మాట 2022 నుంచి అక్కడి తెలుగు ఇళ్లలోనూ, తెలుగు రాష్ట్రాల్లోని ఇళ్లలోనూ బాగా వినిపిస్తోంది. పిల్లల ఫ్లయింగ్ శిక్షణకు అప్పు చేసే తల్లిదండ్రులు ఆ అంకె చూసే ధైర్యం తెచ్చుకుంటున్నారు. అంకె నిజమే. నెలకు కనీసం 75 గంటల జీతం ఇస్తామన్న గ్యారంటీ మీద లెక్కేస్తే ఏడాదికి 81,000 డాలర్లు. అయితే ఆ జీతం ఎవరి చేతిలో ఉందో, ఎందుకు పెరిగిందో, ఏ ఒక్క నిర్ణయంతో ఊడిపోతుందో చెప్పేవాళ్లు తక్కువ. ఈ కాంట్రాక్టులను వాక్యం వాక్యం చదవడం మా పని కాబట్టి రాస్తున్నాం.

డెల్టా, యునైటెడ్, అమెరికన్ పేర్లు వేసుకుని తిరిగే చిన్న జెట్లను ఆ సంస్థలు స్వయంగా నడపవు. స్కైవెస్ట్, రిపబ్లిక్, ఎన్‌వాయ్, పీఎస్‌ఏ, ఎండెవర్, గోజెట్ లాంటి ప్రాంతీయ సంస్థలు వాటి కోసం కాంట్రాక్టు మీద నడుపుతాయి. టికెట్ అమ్మేది, ఏ ఊరికి ఎన్ని సర్వీసులో తేల్చేది పెద్ద సంస్థే. చిన్న సంస్థకు విమానం తిరిగిన గంటకు ఇంత, టేకాఫ్‌కు ఇంత, ఒక్కో విమానానికి నెలకు ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. ఇంధనం, ల్యాండింగ్ ఫీజులు సాధారణంగా పెద్ద సంస్థ ఖాతాలోకే పోతాయి. విమానాలు కూడా చాలాసార్లు పెద్ద సంస్థవే, లేదంటే అది లీజుకు తెచ్చినవే. ఇక పక్క సంస్థ కంటే తక్కువకు కోట్ చేయాలంటే చిన్న సంస్థ చేతిలో మిగిలేవి జీతాలు, మెయింటెనెన్స్, ఆఫీసు ఖర్చు. అందరి కళ్లూ ముందుగా పడేది పైలట్ల జీతాల మీదే.

పైలట్ జీతం ఆ సంస్థలో గడిపిన సర్వీసు ఏళ్లతో పాటు పెరుగుతుంది. అసలు చిక్కు అక్కడుంది. ఒక లెక్క వేసి చూడండి. రోజుకు 10 గంటలు తిరిగే విమానం నెలకు 300 గంటలు తిరుగుతుంది. ఒక సంస్థలో కెప్టెన్లు సగటున సర్వీసులో 12వ ఏట, ఇంకో సంస్థలో 4వ ఏట ఉన్నారనుకుందాం. ఇద్దరి మధ్య తేడా గంటకు 30 డాలర్లు అనుకుందాం. ఒక్క విమానం మీద నెలకు 9,000 డాలర్లు, 40 విమానాల కాంట్రాక్టు మీద ఏడాదికి 43,20,000 డాలర్లు తేడా వస్తుంది. ఇది కెప్టెన్ల జీతం ఒక్కటే. ఫస్ట్ ఆఫీసర్లను, కేబిన్ సిబ్బందిని, మెకానిక్‌లను ఇంకా కలపలేదు. జీతాల పట్టిక రెండు చోట్లా అక్షరం తేడా లేకుండా ఒకటే అయినా ఈ తేడా తప్పదు. ఎక్కువ కాలం నిలబడ్డ సంస్థే ఖరీదైన సంస్థ అవుతుంది. కొత్తవాళ్లను చేర్చుకుంటూ పెరుగుతున్న సంస్థ చవకగా కనిపిస్తుంది, పని అటు మళ్లుతుంది. అటు మళ్లిన కొద్దీ మొదటి సంస్థలో కొత్త చేరికలు ఆగి, సగటు సర్వీసు ఇంకా పెరిగి, అది ఇంకా ఖరీదవుతుంది.

పని మళ్లినప్పుడు విమానం మీద రంగు కూడా మారదు. తలుపు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఆపరేటర్ పేరు ఒక్కటి మారుతుంది. అదే విమానం, అవే ఊళ్లు, అదే గేటు. కానీ 15 ఏళ్ల కెప్టెన్ కొత్త సంస్థలో చేరితే సీనియారిటీ జాబితాలో అట్టడుగున చేరాల్సిందే. ఫ్లయింగ్ గంటలు మనిషి వెంట వస్తాయి. కెప్టెన్ కావడానికి చట్టం అడిగే 1,000 గంటల ఎయిర్‌లైన్ అనుభవం ఏ సంస్థలో సంపాదించినా చెల్లుతుంది. సీనియారిటీ మాత్రం గేటు దగ్గరే ఆగిపోతుంది. బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు), సెలవులు, రూటు, నెలంతా పిలుపు కోసం రిజర్వ్‌లో కూర్చోవాలా వద్దా అన్నది, అన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి కాబట్టి పైలట్లు ఉన్న సంస్థను కాపాడుకోవడానికి జీతం తగ్గించుకునైనా ఓటు వేస్తారు. పెద్ద సంస్థల యాజమాన్యాలకు ఈ భయం బాగా తెలుసు.

పెద్ద సంస్థ సొంతమైతే భద్రత అనుకునేవాళ్లు కోమ్‌ఎయిర్ చరిత్ర చూడాలి. అది పూర్తిగా డెల్టాది. 2001 మార్చిలో దాని పైలట్లు సమ్మెకు దిగి 89 రోజులు నిలబడ్డారు, మెరుగైన ఒప్పందం తెచ్చుకున్నారు. ఆ తర్వాత విమానాలు దఫదఫాలుగా తగ్గాయి. 2012 సెప్టెంబర్ 29న సంస్థ మూతపడింది. ఎన్‌వాయ్, పీఎస్‌ఏ రెండూ అమెరికన్ గ్రూపువే. 2013లో పీఎస్‌ఏ పైలట్లు రాయితీలు, అంటే జీతాల్లో కోతలు, ఒప్పుకుంటే కొత్త సీఆర్‌జే-900 జెట్లు అక్కడికి వెళ్లాయి. 2014లో ఎన్‌వాయ్ పైలట్లు రాయితీలను ఓటుతో తిరస్కరిస్తే వాళ్లు నడుపుతున్న సీఆర్‌జే-700లను పీఎస్‌ఏకు తరలించే నిర్ణయం వచ్చింది. ఒకే యజమాని, ఇద్దరు అన్నదమ్ముల మధ్య వేలం. 2020లో ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. యునైటెడ్ తన ఈఆర్‌జే-145 పని మొత్తాన్ని కమ్యూట్‌ఎయిర్‌కు ఇవ్వాలని తేల్చడంతో ఎక్స్‌ప్రెస్‌జెట్ సెప్టెంబర్ 30న ఆ పని ఆపేసింది. కరోనా ఆ మూతలను తొందర చేసింది గాని, కత్తెర ఎప్పుడూ పెద్ద సంస్థల చేతుల్లోనే ఉంది.

ఒక సంస్థ నుంచి విమానాలు వెళ్లిపోవడం మొదలైతే లోపల జరిగేదంతా ఒక వరసలో జరుగుతుంది. విమానానికి ఐదు జతల సిబ్బంది చొప్పున, అంటే పది మంది పైలట్లను ఉంచుకుంటారు. నెలకు మూడు విమానాలు వెళ్తే ముప్పై మంది మిగిలిపోతారు. ముందు చిన్న బేస్‌ను మూసేస్తారు. అక్కడి సీనియర్ కెప్టెన్లు ఇంకో బేస్‌లో జూనియర్ కెప్టెన్లను తప్పిస్తారు. వాళ్లు మళ్లీ ఫస్ట్ ఆఫీసర్ సీట్లోకి దిగుతారు. అట్టడుగున ఉన్నవాళ్లు ఫర్లోకు, అంటే జీతం లేకుండా ఇంటికి వెళ్తారు. సీటు మారిన ప్రతి ఒక్కరికీ సిమ్యులేటర్ శిక్షణ కావాలి. సిమ్యులేటర్లు ఖాళీ ఉండవు. ఈలోగా వేరే చోట ఉద్యోగం దొరికినవాళ్లు ఫర్లో కోసం ఆగకుండా వెళ్లిపోతారు. వాళ్లలో కెప్టెన్లే ఎక్కువ. అప్పుడు ఉన్న విమానాలకే మనుషులు చాలక సర్వీసులు రద్దవుతాయి. రద్దులు ఒక శాతం దాటితే కాంట్రాక్టులో జరిమానాలు, ఇంకా దాటితే కాంట్రాక్టును ముందే తెంచుకునే హక్కు పెద్ద సంస్థకు ఉంటాయి. మూసేస్తామన్న గడువు కంటే ముందే సంస్థలు మూతపడటం ఇలాగే.

మొత్తం పని ఎంత అన్నదానికి కూడా గీత ఉంది. పెద్ద సంస్థల పైలట్లు తమ ఒప్పందాల్లో రాయించుకున్న స్కోప్ నిబంధన ప్రకారం ప్రాంతీయ జెట్‌లో 76 సీట్లకు మించకూడదు, టేకాఫ్ బరువు 86,000 పౌండ్లు దాటకూడదు. ఎన్ని విమానాలన్నదానికీ పరిమితి ఉంది. అందుకే విమానాల తయారీ సంస్థ ఎంబ్రేయర్ కొత్త ఈ175-ఈ2 ఆ బరువుకు ఒదగక అమెరికా ప్రాంతీయ సంస్థల్లోకి రాలేకపోయింది, పాత ఈ175నే ఇంకా కొంటున్నారు. అందుకే 70 సీట్ల సీఆర్‌జే-700ను 50 సీట్లకు తగ్గించి సీఆర్‌జే-550 అని నడుపుతున్నారు. ఒకరికి వచ్చిన విమానం ఇంకొకరి దగ్గర నుంచి పోయినదే అయ్యే అవకాశం ఎక్కువ. స్కోప్ నిబంధనను మేం తప్పుపట్టడం లేదు. పెద్ద సంస్థలో మంచి ఉద్యోగాలు మిగిలి ఉండటానికి అదే కారణం.

మరి 90 డాలర్లు ఎలా వచ్చాయి? 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ సంస్థ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ కుటుంబాల పట్టుదలతో 2010లో చట్టం వచ్చింది. 2013 నుంచి ఫస్ట్ ఆఫీసర్‌కు కూడా 1,500 గంటలు తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు 250 గంటల కమర్షియల్ లైసెన్స్ చాలేది. మిలిటరీ నుంచి వచ్చేవాళ్లకు 750, ఏవియేషన్ డిగ్రీ ఉన్నవాళ్లకు 1,000 గంటలు చాలన్న సడలింపు ఉంది. పైలట్లు తేలిగ్గా దొరకడం ఆగిపోయింది. కరోనా తర్వాత పెద్ద సంస్థలు పోటీపడి చేర్చుకోవడంతో ప్రాంతీయ సంస్థల్లో కెప్టెన్లు ఖాళీ అయ్యారు. 2022 మార్చిలో స్కైవెస్ట్ 29 చిన్న ఊళ్ల సర్వీసుల నుంచి తప్పుకుంటామని నోటీసు ఇచ్చింది. అదే ఏడాది వేసవిలో అమెరికన్ సొంత ప్రాంతీయ సంస్థలు జీతాలు పెంచాయి. ప్రకటించినప్పుడు అందులో పెద్ద భాగం 2024 ఆగస్టు వరకు అన్న గడువు పెట్టిన ప్రీమియం. ఇది కొరత తెచ్చిన జీతం. పెద్ద సంస్థలు చేర్చుకోవడం నెమ్మదించిన రోజున కొరత పోతుంది, వేలం తిరిగి మొదలవుతుంది.

ఇప్పుడు చేరబోయేవాళ్లు గంట రేటు కంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. విమానాలు ఎవరివి? ఏ కాంట్రాక్టు ఏ నెలలో ముగుస్తుంది? లిస్టెడ్ సంస్థ అయితే ఈ రెండూ దాని వార్షిక నివేదికలోనే ఉంటాయి. పని అంతా ఒకే పెద్ద సంస్థ కోసమా, ఇద్దరు ముగ్గురి కోసమా? జాయినింగ్ బోనస్ వెనక ఎన్నేళ్ల కట్టుబాటు ఉంది, సంస్థే మూసేస్తే ఆ డబ్బు తిరిగి కట్టాలా? చివరి ప్రశ్నకు జవాబు కాగితం మీద లేకపోతే సంతకం పెట్టకండి. అమెరికాలో పనిచేసే హక్కు ముందే చేతిలో ఉండాలని చాలా సంస్థలు అడుగుతాయన్నది కూడా శిక్షణకు డబ్బు కట్టే ముందే తెలిసి ఉండాలి. ఆపద వచ్చాక సంస్థ మారడం తేలిక అనీ అనుకోవద్దు. కొత్త విమానం అయితే కొత్త టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత), మళ్లీ చెక్‌రైడ్, అంటే నడిపి చూపే పరీక్ష. అందులో తప్పితే అది ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) పైలట్ రికార్డుల డేటాబేస్‌లో నిలిచిపోయి తర్వాతి ఇంటర్వ్యూలన్నిటికీ వెంట వస్తుంది. లాగ్‌బుక్ నెలనెలా పూర్తి చేసుకోవాలి, కంపెనీ రికార్డులతో సరిచూసుకుని కాపీ తీసుకోవాలి. సంస్థ తలుపులు మూసుకున్నాక ఆ రికార్డులు తెప్పించుకోవడం నరకం.

రాయితీల మీద ఓటు వేయబోయే పైలట్లు ప్రతిపాదనలో క్రియాపదాలను చూడాలి. "40 విమానాల వరకు రావచ్చు" అన్న వాక్యం ఎవరినీ కట్టిపడేయదు. తగ్గిన జీతం సంతకం పెట్టిన రోజు నుంచి అమలవుతుంది, విమానం మాత్రం ఎప్పుడో వస్తుంది. ఆ రెంటినీ ఒకే తేదీకి ముడిపెట్టమని అడగాలి. విమానాలు రాకపోతే పాత జీతం దానంతటదే తిరిగి రావాలి. రాయితీ గంట రేటులో ఇచ్చినా, గ్యారంటీ గంటల్లో మాత్రం ఇవ్వకూడదు. పైలట్‌కు జీతం బ్రేకు వదిలినప్పటి నుంచి గేటుకు చేరేదాకే. నాలుగు సర్వీసుల రోజున డ్యూటీ 12 గంటలైనా జీతం వచ్చేది ఆరు గంటలకే కావచ్చు. షెడ్యూలు పలచబడినప్పుడు గ్యారంటీ, రద్దయిన సర్వీసుకు జీతం, డ్యూటీ గంటల లెక్కన కనీస చెల్లింపు, ఈ మూడే ఇల్లు నిలబెడతాయి. యాజమాన్యం ముందుగా అడిగేవీ అవే, ఎందుకంటే పట్టికలో కనబడవు.

ఇవన్నీ చేసినా మూలం అలాగే ఉంటుంది. ప్రాంతీయ సంస్థ పైలట్ల ఒప్పందం మీద పెద్ద సంస్థ సంతకం ఉండదు. ఆ ఒప్పందంలో ఎంత గట్టి రక్షణ రాయించుకున్నా విమానాన్ని తరలించే చేతిని అది పట్టుకోలేదు. సమ్మె చేద్దామంటే విమాన సంస్థలకూ వర్తించే రైల్వే లేబర్ చట్టం కింద మధ్యవర్తిత్వ బోర్డు వదిలిపెట్టాలి, ఆపైన 30 రోజులు ఆగాలి. అన్ని రోజులు దొరికితే పెద్ద సంస్థ పనిని పక్క సంస్థకు మళ్లించే ఏర్పాటు చేసుకోవచ్చు. పెద్ద సంస్థ సంతకం పెట్టే ఒప్పందం దాని సొంత పైలట్లతో చేసుకునేదే. రక్షణ అక్కడి స్కోప్ అధ్యాయంలో ఉండాలి. వాక్యం చిన్నదే: ప్రాంతీయ విమానం ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మారితే, విమానానికి పది మంది చొప్పున పైలట్లను అడిగి చేర్చుకున్నాకే కొత్త సంస్థ బయట నియామకాలు చేయాలి, వాళ్ల జీతం లెక్కకు పాత సర్వీసు పూర్తిగా కలపాలి. ఇది ఉంటే 12వ ఏట ఉన్న కెప్టెన్ ఎక్కడికి వెళ్లినా 12వ ఏట కెప్టెనే. పని మళ్లించినందువల్ల ఆదా ఏమీ ఉండదు.

ఇలాంటిది సాధ్యం కాదనేవాళ్లకు 1997 ఉంది. అమెరికన్, దాని పైలట్ల యూనియన్, దాని సొంత ప్రాంతీయ సంస్థ అమెరికన్ ఈగిల్, ఈగిల్ పైలట్ల యూనియన్ నలుగురూ ఒకే కాగితం మీద సంతకం పెట్టి చిన్న సంస్థ నుంచి పెద్ద సంస్థకు వెళ్లే దారి రాసుకున్నారు. పెద్ద సంస్థలో ఫర్లో అయినవాళ్లు వెనక్కి వచ్చే దారి కూడా అందులోనే ఉంది. 2001 తర్వాత అలా వెనక్కి వచ్చినవాళ్లు ఈగిల్ కెప్టెన్ సీట్లు తీసుకోవడంతో కింద ఉన్నవాళ్లకు నష్టం జరిగింది, ఏళ్ల తరబడి తగాదాలు నడిచాయి. అందుకే మళ్లీ రాసేటప్పుడు ఎవరు ఎవరి సీటును తప్పించకూడదో మొదటి పేజీలోనే రాయాలి. పెద్ద సంస్థల పైలట్లలో చాలామంది ప్రాంతీయ సంస్థల నుంచి వెళ్లినవాళ్లే. వచ్చే చర్చల్లో ఈ ఒక్క నిబంధనను తమ డిమాండ్ల జాబితాలో పెట్టమని వాళ్లను అడుగుతున్నాం.

ఇట్లు,
ప్రాంతీయ విమాన సంస్థల పైలట్ ఒప్పందాలను పరిశీలించే కొందరు తెలుగువాళ్లు, అమెరికా