బైకు దానంతట అదే అదుపు తప్పదండీ

సంపాదకుడి గారికి నమస్కారం.

పర్లాకిమిడిలో బైకు రిపేరు షాపు నడుపుతున్నాను. పొద్దున్నే షట్టర్ తీసి టీ తాగుతూ మీ పేపరు చూస్తాను. "బైకు అదుపు తప్పి యువకుడి మృతి" అన్న హెడ్డింగు కనపడిందంటే ఒళ్లు మండుతుంది. దానంతట అదే ఎలా తప్పుతుందండీ?

నా దగ్గరికొచ్చే కుర్రాళ్ల బళ్లలో వెనక బ్రేకు లైనర్లు అరిగిపోయి ఇనుము రాసుకుంటూ ఉంటుంది, ముందు డిస్క్ ప్యాడ్లు మాత్రం షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉంటాయి. ముందు బ్రేకు పడితే పల్టీ కొడుతుందని ఎవరో చెప్పారట, ఇక ఆ లివరు జోలికే పోరు. బండిని ఆపే బలం సగానికి పైగా ముందు చక్రానిదే, రెండూ కలిపి బిగించాలిరా, 60లో బ్రేకు వేస్తే 30లో కంటే నాలుగింతల దూరం పోయి ఆగుతుందిరా అంటే "సర్లే అంకుల్" అంటారు. వాళ్లకి కావలసింది అద్దాలు పీకించుకోవడం. లుక్కు పోతుందట! నేను తీయనంటే పక్క షాపుకి పోతారు, పోనీ.

శివరాత్రికి మహేంద్రగిరి వెళ్లిన ఒక పిల్లాడు ముగ్గుర్ని ఎక్కించుకుని దిగుతూ, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేశాడు. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచేది. న్యూట్రల్లో భారమంతా వెనక బ్రేకు మీద పడి, డ్రమ్ము కాగిపోయి, మలుపు దగ్గర బ్రేకు పట్టలేదు, గట్టుకి గుద్దేశారు. అందరూ బతికారు గానీ ఒకడికి మోకాలు పోయింది. నేను డ్రమ్ము విప్పితే లైనరు గాజులా మెరుస్తోంది, మాడు వాసన ఇంకా పోలేదు.

నడిపినవాడికి పదహారేళ్లు. వాళ్ల నాన్న అడిగిన మొదటి మాట "ఇన్సూరెన్స్ వస్తుందా?" అని. 2019లో మార్చిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే పెద్దవాళ్లకి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు అని చెప్పాను. "పాతపట్నం దాకేగా వెళ్లేది, ఎవరు ఆపుతారు" అన్నాడు. తాళం ఇచ్చింది ఆయనే మరి.

అందుకే మీకో విన్నపం. ఇలాంటి వార్తలో ఒక్క లైను కలపండి: వయసెంత, లైసెన్సు ఉందా, ఎంతమంది ఎక్కారు, హెల్మెట్ ఉందా, తాళం ఎవరిచ్చారు. అంత చోటు లేదంటే, ఆ "అదుపు తప్పి" అన్న రెండు ముక్కలు తీసేసి అక్కడ వేయండి.

ఇట్లు,
ఒక మెకానిక్, పర్లాకిమిడి, గజపతి జిల్లా